బొద్దింకని ఇచ్చేసే ముందు

మావా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఆలస్యానికి తిట్టుకో, తప్పు నాదే. ఇక్కడ అందరం కులాసా, జ్వరాలూ దగ్గులూ తగ్గాయి, మిగతా కబుర్లు ఇంకోసారి. అసలు ఇవాళ కలం పట్టింది నీ పాత కంప్యూటర్ బొద్దింక గురించి ఉత్తరం చివర్లో రాసిన మాట వల్ల. "బొద్దింకలో విండోస్‌ని కొత్త కంప్యూటర్‌కి మార్చేసి, ఆ పాతదాన్ని చెల్లికి ఇచ్చేస్తా. చూశాను, రిటైల్ అనే ఉంది" అన్నావు. ఆగరా బాబూ! ఆ రిటైల్ (అంటే విడిగా కొన్నది, ఇంకో కంప్యూటర్‌కి మార్చుకోదగ్గది) అన్న మాటని అప్పుడే నమ్మకు.

కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీలో) "ఎస్‌ఎల్‌ఎంజీఆర్", ఒక ఖాళీ, "స్లాష్ డీఎల్‌ఐ" కొడితే వచ్చే చిన్న కిటికీలోనే కదా చూశావు? అందులో ఛానెల్ పేరు, అంటే లైసెన్స్ ఏ దారిలో వచ్చిందో చెప్పే మాట, దాని కింద విండోస్‌ని యాక్టివేట్ చేసే కీ చివరి 5 అక్షరాలు కూడా ఉంటాయి. వాటిని చూడు. 3వీ66టీ అని ఉంటే అది నీ కీ కాదు. విండోస్ 10, 11 ప్రో ఎడిషన్‌కి మైక్రోసాఫ్ట్ పెట్టిన సాధారణ కీ అది, లక్షల కంప్యూటర్లలో అదే ఉంటుంది. హోమ్ అయితే 8హెచ్‌వీఎక్స్7. ఆ సాధారణ కీకి ఛానెల్ రిటైల్ అనే చూపిస్తుంది. కంపెనీ వేసిచ్చిన విండోస్ 8 నుంచి ఉచితంగా 10కి ఎక్కిన యంత్రం కూడా అలాగే రిటైల్ అని చెప్తుంది. ఎంతమంది ఇక్కడే పొరబడతారో! లైసెన్స్ మాత్రం మొదట ఎలా వచ్చిందో అలాగే ఉంటుంది. కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్స్ ఆ మదర్‌బోర్డుతోనే పుట్టి, దానితోనే పోతుంది. ఉచితంగా ఎక్కించుకున్నంత మాత్రాన దానికి కాళ్లు రావు.

కాబట్టి పచ్చ డైరీ తియ్యి. అవును, మూడో పేజీ, నవ్వకు. విడిగా కొన్న ప్రో కీ, 25 అక్షరాలది, అక్కడే రాసుకున్నావు కదా? దాని చివరి 5 అక్షరాలూ తెరమీదవీ ఒకటైతే సంతోషం, అది నిజంగా రిటైల్, మార్చుకోవచ్చు. తెరమీద ఓఈఎం_డీఎం అని ఉంటే ఆశ వదులుకో. ఆ కీ ఫర్మ్‌వేర్‌లో (మదర్‌బోర్డు చిప్‌లో ఉండే ప్రోగ్రామ్‌లో) ఎంఎస్‌డీఎం అనే పట్టికలో కూర్చుని ఉంటుంది, తీసి ఇంకోచోట పెట్టడానికి లైసెన్స్ ఒప్పుకోదు. వాల్యూమ్ అని ఉంటే అది ఆఫీసుది, నీది కాదు. ఇంకోటి, డైరీలోది విండోస్ 7 కీనో 8 కీనో అయితే దానితో ఇప్పుడు కొత్తగా 10, 11 యాక్టివేట్ కావు. 2023 సెప్టెంబర్‌లో ఆ దారి మూసేశారు.

సరే, నీది నిజమైన రిటైలే అనుకుందాం. ముందు కీ పూర్తిగా చేతిలో ఉందో లేదో చూసుకో, తెర 5 అక్షరాలే చూపిస్తుంది. తర్వాత బొద్దింకలో కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి అదే ఎస్‌ఎల్‌ఎంజీఆర్ పక్కన స్లాష్ యూపీకే కొట్టు, కీ తొలగిపోతుంది. ఆ తర్వాత స్లాష్ సీపీకేవై, రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోట) మిగిలిన కీ కూడా చెరిగిపోతుంది. కొత్తదానిలో స్లాష్ ఐపీకే, ఖాళీ, 25 అక్షరాలు, ఆపైన స్లాష్ ఏటీఓ. చివర స్లాష్ ఎక్స్‌పీఆర్ కొట్టి శాశ్వతంగా యాక్టివేట్ అయినట్టు చెప్పిందో లేదో చూసుకో. అంతే, పది నిమిషాల పని.

కానీ ఈ యూపీకే ఏం చేస్తుందో సరిగ్గా తెలుసుకో. అది ఆ కంప్యూటర్లో కీ తీసేస్తుంది తప్ప మైక్రోసాఫ్ట్ సర్వర్‌కి కబురు పంపదు. బొద్దింక హార్డ్‌వేర్ గుర్తు అక్కడ అలాగే ఉంటుంది. రేపు చెల్లి అదే ఎడిషన్‌ని కీ అడిగినచోట దాటేసి మళ్లీ వేసుకుంటే తనంతట తానే యాక్టివేట్ కావచ్చు. అప్పుడు ఒక లైసెన్స్ రెండుచోట్ల ఉన్నట్టు, అది తప్పు. బొద్దింకతో మొదట వచ్చిన విండోస్ దానిదే, చెల్లికి అది చాలు. లేదంటే లినక్స్ వెయ్యి, హాయిగా నడుస్తుంది. విండోస్ 10 మాత్రం ఉంచకు, దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో పరికరాల జాబితా నుంచి కూడా బొద్దింకని తీసెయ్యి.

ఇంకో చిక్కు. కొత్తది హోమ్‌తో వచ్చింది అన్నావు. దాని ఫర్మ్‌వేర్‌లో హోమ్ కీ ఉంటుంది కనుక, మళ్లీ ఇన్‌స్టాల్ చేసినా సెటప్ నిన్ను అడక్కుండానే హోమ్ వేసేస్తుంది. కంగారు పడకు. నెట్ తీసేసి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీలో "కీ మార్చు" దగ్గర ఆ 3వీ66టీతో ముగిసే సాధారణ ప్రో కీ ఇచ్చి, రీస్టార్ట్ అయ్యాక నెట్ పెట్టి నీ కీ ఇవ్వు. సాధారణ కీ ఎడిషన్‌ని మార్చుతుంది, యాక్టివేట్ చెయ్యదు, అందుకే రెండుసార్లు. నిజానికి నీకు ప్రో అవసరం లేకపోతే కీ డైరీలోనే ఉంచుకో, కొత్తదాని హోమ్ ఎలాగూ ఉందిగా. నేనైతే అదే చేస్తా.

0ఎక్స్‌సీ004సీ008 అని వస్తే కీ తప్పు కాదు, ఇప్పటికే ఎక్కువసార్లు వాడినట్టు లెక్క. 0ఎక్స్‌సీ004ఎఫ్050 అయితే ముందు డైరీ రాత చూడు, నీ బీ, 8 ఒకేలా ఉంటాయి!

పిలుస్తున్నారు, ఇంకా చాలా రాయాలి, లైసెన్స్‌ని ఆ మైక్రోసాఫ్ట్ ఖాతాకి ముడిపెట్టే సంగతైతే మొదలే పెట్టలేదు... అయ్యో, అసలుది మర్చిపోయా. బొద్దింక డిస్క్ చెరిపే ముందు నీ ఫోటోలు తీసుకున్నావా? కొత్తదానిలో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసేది) ఆన్‌లో ఉంటే దాని 48 అంకెల రికవరీ కీ కూడా నాలుగో పేజీలో రాసుకో. ఉంటా.

నీ మావ