నూర్బర్గ్‌రింగ్ ఎక్కే ముందు: చెన్నై నుంచి ఒక ఉత్తరం

ఒరేయ్ మామా,

కొలోన్‌లో ప్రాజెక్టు అయ్యేలోపు జర్మనీలోని ఆ పాత రేస్ ట్రాక్ నూర్బర్గ్‌రింగ్ మీద ఒక్క రౌండైనా వెయ్యాలని రాశావు. వెయ్యాల్సిందే. నీకు దక్షిణంగా 90 కిలోమీటర్ల దూరంలో పెట్టుకుని చూడకుండా వచ్చేస్తే ఎలా? కానీ దాంతోపాటే "ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మనకి కొట్టిన పిండే కదా, అదీ అలాంటిదే, కాస్త పొడుగు" అన్నావు చూడు, అందుకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నా. తీరిగ్గా చదువు.

మన చెన్నైలో రేసింగ్ మొదట్నుంచీ చదును నేల మీదే సాగింది. షోలవరం అంటే యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే. 1953లో మొదలైన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ ఏళ్ల తరబడి అక్కడే పోటీలు పెట్టింది. ఆ తర్వాత 1990లో తెరిచిన ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ కూడా పెద్దగా ఎత్తుపల్లాలు లేనిదే. 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. మలుపు ఎక్కడుందో ముందే కనిపిస్తుంది. ఎక్కడ బ్రేక్ కొట్టాలో, ఎక్కడ తిప్పాలో కళ్లే చెప్తాయి. నీ అలవాట్లన్నీ ఆ చూపు మీదే నిలబడ్డాయి.

నువ్వు ఎక్కబోయే నార్డ్‌ష్లైఫె, అంటే నూర్బర్గ్‌రింగ్‌లోని పాత నార్త్ లూప్, పొడవు 20.832 కిలోమీటర్లు. అంటే మన ట్రాక్‌కి అయిదున్నర రెట్ల పైనే. 73 మలుపులు. ఆ లెక్కలకి నువ్వేం బెదరవని తెలుసు. అసలు సంగతి ఎత్తుపల్లం: ట్రాక్‌లో అన్నిటికన్నా కింద ఉన్న చోటికీ, పైన ఉన్న చోటికీ తేడా దాదాపు 300 మీటర్లు. సగం మలుపులు మిట్ట అవతల దాక్కుని ఉంటాయి. కంటికి కనపడని మలుపుకి బ్రేక్ కొట్టాలి. అది ఇరుంగాట్టుకోట్టైలో నేర్చుకునే వీలు లేని విద్య.

ఆ ట్రాక్ అలా ఎందుకుందో తెలియాలంటే కొంచెం చరిత్ర కావాలి. 1920ల్లో ఐఫెల్ కొండల ప్రాంతం బాగా పేదది. అక్కడి పబ్లిక్ రోడ్ల మీద అప్పటికే పోటీలు జరుగుతుండేవి, ప్రమాదాలూ జరుగుతుండేవి. ఆడెనావు జిల్లా అధికారి ఒట్టో క్రాయిట్జ్ పట్టుబట్టి, పని లేనివాళ్లకి పని దొరికేలా, జర్మన్ కార్ల కంపెనీలకి పరీక్షించుకునే చోటు ఏర్పడేలా ఒక ట్రాక్ కట్టించాడు. 1925 సెప్టెంబరులో శంకుస్థాపన, 1927 జూన్‌లో ప్రారంభం. మొదటి కార్ల రేసు గెలిచింది మెర్సిడెస్ నడిపిన రుడోల్ఫ్ కరచ్చోలా. కొండని తొలిచి చదును చేసే ప్రయత్నమేమీ చెయ్యలేదు. నేల ఎలా లేస్తే రోడ్డు అలా లేచింది, ఎలా పడితే అలా పడింది. మొదట్లో సౌత్ లూప్‌తో కలిపి మొత్తం 28 కిలోమీటర్ల పైచిలుకు ఉండేది.

1935లో ఇటలీ రేసర్ నువొలారి పాతబడిన ఆల్ఫా రోమియో కారుతో మెర్సిడెస్, ఆటో యూనియన్ కార్లన్నిటినీ ఓడించింది ఇక్కడే. 1957లో 46 ఏళ్ల అర్జెంటీనా రేసర్ ఫాంజియో, టైర్లు మార్చుకునే పిట్‌లో ఆలస్యమై దాదాపు 50 సెకన్లు వెనకబడి, రౌండు రౌండుకీ రికార్డు బద్దలుకొడుతూ ముందున్న హాథార్న్, కాలిన్స్ ఇద్దర్నీ దాటిందీ ఇక్కడే. 1968లో పొగమంచులో, వానలో, విరిగిన మణికట్టుతో స్కాట్లాండ్ రేసర్ జాకీ స్టీవర్ట్ నాలుగు నిమిషాల పైచిలుకు తేడాతో గెలిచాడు. ఈ ట్రాక్‌ని 'గ్రీన్ హెల్', పచ్చని నరకం, అని పిలిచిందీ ఆయనే. 1970లో డ్రైవర్లు ఇక్కడ పరిగెత్తబోమని తేల్చి చెప్తే గ్రాండ్ ప్రీ హాకెన్‌హైమ్‌కి వెళ్లిపోయింది. అప్పుడు గానీ మిట్టలు కొంత చెక్కి, పొదలు తీసి, గార్డ్‌రెయిళ్లు వెయ్యలేదు. రోడ్డు వెళ్లే దారి మాత్రం అదే ఉంచారు. 1976 ఆగస్టు 1న ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లావ్డా కారు మంటల్లో చిక్కుకుంది. బయటికి లాగింది తోటి డ్రైవర్లే. 20 కిలోమీటర్ల పైన ఉన్న ట్రాక్‌లో ప్రతి మూలకీ ఫైర్ ఇంజను వెంటనే చేరే దారి లేదు. ఫార్ములా వన్ మళ్లీ ఆ లూప్ ఎక్కలేదు. 1984లో పక్కనే కట్టిన కొత్త ట్రాక్ వేరు, నువ్వు ఎక్కబోయేది పాతది.

ఇక దారి సంగతి. ఇది ఒక్కసారి చదివితే వచ్చేది కాదు. పద్యాన్ని పాదం పాదంగా కంఠస్థం చేసినట్టు ముక్కలుగా పట్టుకో, ఒక్కో ముక్కకీ ఒక పేరుంది. సిమ్యులేటర్‌లో తిప్పి చూడు, మలుపుల వరుస వస్తుంది. కారు తేలిక అవడం, కుంగడం మాత్రం సిమ్యులేటర్ చెప్పదు.

మొదట హాట్జెన్‌బాఖ్: చెట్ల మధ్య కిందికి జారుతూ కుడి, ఎడమ మెలికలు. టైర్లు అప్పటికి చల్లగానే ఉంటాయి. చెన్నైలో పార్కింగ్ నుంచి బయటికొచ్చేసరికే టైరు వెచ్చగా ఉంటుంది, ఐఫెల్‌లో ఏప్రిల్‌లో కూడా అలా ఉండదు. ఈ మెలికల్లో మొదటి రౌండు పట్టు కోసం వెతుక్కోకు, నెమ్మదిగా దాటెయ్.

తర్వాత ఫ్లూగ్‌ప్లాట్స్. పైకెక్కుతూ వెళ్లి, మిట్ట దాటగానే వెంటనే కుడి మలుపు. మిట్ట మీద కారు తేలికవుతుంది. బరువు తగ్గితే టైరుకి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పినా వినదు. అందుకే బ్రేక్ పని మిట్టకి ముందే, చక్రాలు తిన్నగా ఉన్నప్పుడే ముగించాలి. 2015 మార్చిలో రేసు నడుస్తుండగా ఒక నిస్సాన్ రేసు కారు ఇక్కడే గాల్లోకి లేచి కంచె దాటి పడింది, ప్రేక్షకుడొకరు చనిపోయారు. ఆ సీజన్లో రేసు కార్లకి వేగ పరిమితులు పెట్టి, ఆ చలికాలంలో రోడ్డు మిట్టలు సరిచేశారు. సరిచేశాక కూడా కారు తేలికవడం మాత్రం పోలేదు.

అక్కణ్నుంచి ష్వేడెన్‌క్రాయిట్జ్, మిట్ట మీద చాలా వేగమైన ఎడమ. అది దాటగానే ఆరెంబర్గ్ అని బిగుతు కుడి. రెండింటి మధ్య తిన్నగా ఉన్న ముక్క చాలా చిన్నది. కారు ఎడమకి వాలి ఉండగానే బ్రేక్ తొక్కితే వెనక చక్రాలు పక్కకి జారతాయి. ముందు కారుని తిన్నగా నిలబెట్టు, ఆ తర్వాతే బ్రేక్.

ఇప్పుడు ఫుక్స్‌రోరె. నాకు మొత్తం ట్రాక్‌లో దీనికన్నా గొప్ప చోటు లేదు. చెట్ల మధ్య సన్నగా, నిటారుగా కిందికి పోతుంది. వేగం దానంతటదే పెరుగుతుంది. అడుగున పల్లంలో కారు మొత్తం సస్పెన్షన్ మీద కూర్చుండిపోతుంది. ఆ క్షణం పట్టు విపరీతంగా ఉంటుంది కాబట్టి అంతా బాగుందనిపిస్తుంది. ఆ మాట నమ్మకు. సస్పెన్షన్ చివరిదాకా నొక్కుకుని ఉన్నప్పుడు గట్టిగా బ్రేక్ కొట్టినా, స్టీరింగ్ మొరటుగా తిప్పినా కారు సర్దుకోవడానికి ఇంక చోటుండదు. పల్లాన్ని స్థిరమైన చేత్తో దాటు. అవతల ఎక్కుడు మొదలై, కారు మామూలు ఎత్తుకి వచ్చాక బ్రేక్ తొక్కు. ఎక్కుడు కూడా కారుని ఆపడానికి సాయం చేస్తుంది. ఎందుకింత చెప్తున్నానంటే, ఆ ఎక్కుడు పైన ఆడెనావర్ ఫోర్స్ట్ ఉంది: కనపడని మిట్ట, ఆ వెంటనే బిగుతైన ఎడమ, కుడి మెలిక. దారి తెలియనివాళ్లు తిన్నగా గడ్డిలోకి పోయేది ఇక్కడే. పోతున్నావని తెలిసిన వెంటనే స్టీరింగ్ తిన్నగా పట్టుకుని గడ్డిలోకే వెళ్లి ఆగు. తిరిగి రోడ్డెక్కే ముందు వెనక ఎవరొస్తున్నారో చూసుకో. సగంలో మనసు మార్చుకుని లోపలికి గుంజితే కారు గిర్రున తిరుగుతుంది.

కాలెన్‌హార్డ్ నుంచి వేర్‌సైఫెన్ మీదుగా బ్రైట్‌షైడ్ దాకా దిగుడే దిగుడు. కారుని ఆపడంతోపాటు కొండ వేగాన్ని కూడా బ్రేకులే మొయ్యాలి. చాలా బండ్లకి బ్రేక్ పెడల్ మెత్తబడేది ఇక్కడే. బ్రేక్ ఆయిల్ పాతబడితే అందులో తేమ చేరి ఉంటుంది, ఆ వేడికి మరిగి బుడగలు కడుతుంది, పెడల్ అడుగుదాకా పోతుంది. దిగుడులో తక్కువ గేరు పెట్టుకో. పెడల్ మీద కాలు ఆనించి పెట్టకు, కొట్టేటప్పుడు గట్టిగా కొట్టి వదిలెయ్. బ్రైట్‌షైడ్ బ్రిడ్జి అన్నిటికన్నా కింది చోటు. అది దాటితే ఎక్స్‌మ్యూలె దగ్గర ఒక్కసారిగా ఎక్కుడు.

బెర్గ్‌వెర్క్ కుడి మలుపు నిదానంగా తీసుకో, బయటికి మాత్రం శుభ్రంగా రా. దాని తర్వాత కెసెల్‌ఖెన్ అంతా పొడుగాటి ఎక్కుడు. మలుపు నుంచి బయటపడ్డప్పటి వేగమే ఆ ఎక్కుడంతటికీ పనికొస్తుంది. చిన్న ఇంజనుకి ఇది మరీ ముఖ్యం.

పైన కరుసెల్ అనే మలుపు. మొదట్లో అది మలుపు లోపలి వైపు నీళ్లు పోవడానికి తవ్విన కాలువ. కరచ్చోలా లోపలి చక్రాలని అందులో దించి తిరగడం మొదలుపెట్టాడు. తర్వాత దాన్ని కాంక్రీటు పలకలతో వాలుగా కట్టారు. ఎక్కుతూ వస్తావు కాబట్టి లోపలి భాగం చివరిదాకా కనపడదు. వేగం బాగా తగ్గించి కారు మొత్తం కాంక్రీటులోకి దించు. పలకల అతుకుల మీద కారు దడదడలాడుతుంది, కంగారుపడకు. స్టీరింగ్ పట్టుకునేటప్పుడు బొటనవేళ్లు ఊచల లోపలికి దూర్చకు. బయటికొచ్చేటప్పుడు కాంక్రీటు అంచు మీద కారు ఎగురుతుంది. యాక్సిలరేటర్ అప్పుడే పూర్తిగా ఇవ్వకు, చక్రాలు చదును మీద నిలబడ్డాక ఇవ్వు. అలాంటిదే చిన్నది ఇంకోటి చివర్లో వస్తుంది, దాని వాలు మరీ తటాలున మొదలవుతుంది.

హోహె ఆఖ్ట్ తర్వాత విప్పర్‌మన్, బ్ర్యూన్‌ఖెన్ వరసగా పోతాయి. బ్ర్యూన్‌ఖెన్‌లో జనం కెమెరాలు పట్టుకుని కూర్చుంటారు. వాళ్ల కోసం ఒక్క కిలోమీటరు వేగం కూడా పెంచకు. ఫ్లాంట్స్‌గార్టెన్‌లో మళ్లీ కారు ఎగిరే మిట్ట, అదే సూత్రం: ముందే బ్రేక్, చక్రాలు తిన్నగా. 1983లో రేసుకి ముందు క్వాలిఫయింగ్‌లో 6 నిమిషాల 11.13 సెకన్ల రౌండు వేసిన స్టెఫాన్ బెల్లోఫే ఆ రేసులో ఇక్కడ కారు పోగొట్టుకున్నాడు. చివరి గాల్గెన్‌కోఫ్ కుడి దాటితే డ్యోటింగర్ హ్యోహె, పొడుగాటి తిన్నని రోడ్డు. జనం లోపలికొచ్చేదీ బయటికెళ్లేదీ ఆ రోడ్డు దగ్గరే కాబట్టి నీ రౌండు దాదాపు 19 కిలోమీటర్లే ఉంటుంది. చివర్లో నిదానంగా రా, బ్రేకులకి గాలి తగలాలి. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వెయ్యకు, గేర్‌లో పెట్టి దిగు. కాలిపోతున్న బ్రేక్ డిస్క్‌ని ప్యాడ్లు ఒకేచోట నొక్కి ఉంచితే తర్వాత పెడల్ వణుకుతుంది.

బండి గురించి. మామూలు అద్దె కారు తీసుకుపోకు. వాళ్ల షరతుల్లో ఈ ట్రాక్ నిషేధమని రాసి ఉంటుంది, ఏదైనా అయితే మొత్తం నీ నెత్తినే. నూర్బర్గ్ ఊళ్లోనే ట్రాక్ కోసం తయారు చేసి ఇచ్చేవాళ్లున్నారు, స్విఫ్ట్ కూడా దొరుకుతుంది. నీ చేతికి తెలిసిన కారు, మొదటిసారికి అదే తీసుకో. తీసుకునేటప్పుడు ప్యాడ్ల మందం చూడు, బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చారో అడుగు. పాడైతే నువ్వు కట్టాల్సిన గరిష్ఠ మొత్తం ఎంతో కాగితం మీద చూపించమను. టైర్లలో గాలి చల్లగా ఉన్నప్పుడు 28, 30 పీఎస్ఐ మధ్య పెట్టుకుంటే రౌండు అయ్యాక నాలుగైదు పాయింట్లు పెరుగుతుంది. దిగిన వెంటనే కొలిచి, నాలుగూ సమానం చేసుకో. సగం ట్యాంకు పెట్రోలు ఉండాలి. కారులో వదులుగా ఒక్క బాటిల్ కూడా ఉండకూడదు, పెడల్ కిందకి దొర్లితే అంతే. నీతో ఇద్దరు వస్తామంటున్నారన్నావు కదా, వాళ్లని మొదటి రౌండుకి ఎక్కించుకోకు. బరువు పెరిగితే బ్రేకులకే కష్టం, పైగా వెనక సీట్లో తప్పకుండా కడుపులో తిప్పుతుంది.

జనానికి తెరిచిన వేళల్లో అది చట్టం దృష్టిలో టోల్ కట్టే వన్‌వే రోడ్డు. ట్రాఫిక్ రూల్స్ వర్తిస్తాయి, టైము కొలవకూడదు. ఓవర్‌టేక్ ఎడమ వైపు నుంచి మాత్రమే. మనకి చిన్నప్పట్నుంచీ ఎడమ పక్కకి తప్పుకోవడం ఒంటికి పట్టేసింది, అదే ఇక్కడ ప్రాణం మీదకి తెస్తుంది. వెనక వేగంగా వస్తుంటే కుడి ఇండికేటర్ వేసి కుడి పక్కనే ఉండిపో. రౌండంతా సగం చూపు అద్దంలోనే ఉండాలి. గార్డ్‌రెయిల్ చాలాచోట్ల రోడ్డు అంచుకి ఆనుకునే ఉంటుంది. మన ట్రాక్‌లోలా మట్టిలోకి జారి నవ్వుకుంటూ వచ్చెయ్యలేవు, వంగిన రెయిల్‌కీ, బండి లాగినందుకూ, ట్రాక్ మూసినందుకూ బిల్లు వస్తుంది. బండి ఆగిపోతే వీలైనంత కుడికి తెచ్చి, గార్డ్‌రెయిల్ అవతలికి దూకి, అప్పుడు ఫోన్ చెయ్. అత్యవసర నంబరు ముందే ఫోన్‌లో పెట్టుకో. ఆయిల్ కారుతోందని అనుమానం వస్తే లైన్ మీద, అంటే అందరూ మలుపులు తిరిగే దారిలో, నడపకు, వెనక వచ్చేవాళ్లు జారిపోతారు.

వాన సంగతి కూడా చెప్పాలి. ఒక చివర ఎండ, ఇంకో చివర వాన అక్కడ మామూలే. తడిలో రోజూ కార్లు తిరిగే లైన్ మీదే రబ్బరు జారుతుంది, రోడ్డు మీద అభిమానులు రాసిన రంగు రాతలు ఇంకా జారుతాయి. లైన్‌కి పక్కగా నడుపు.

బయల్దేరే ముందు రోజు రాత్రి వాళ్ల క్యాలెండర్ చూడు. కంపెనీల టెస్టింగులకి, రేసులకి మూసేస్తుంటారు, ప్రమాదం జరిగితే మధ్యలో గంటల తరబడి ఆపేస్తారు. శని, ఆదివారాల్లో రద్దీ ఎక్కువ, వారం మధ్యలో తెరిచే సాయంత్రాలు నయం. టికెట్ ఒక్కో రౌండుకి విడిగా. మొదటి రోజు రెండు మూడు కొను చాలు, మిగతా టైము బ్ర్యూన్‌ఖెన్ దగ్గర నిలబడి జనం ఎక్కడ బ్రేక్ కొడుతున్నారో చూడు. ఏ కారు ఖాయం చేశావో, ఏ తేదీనో రాయి, ఆ కారుకి టైర్ల గాలి సరిగ్గా ఎంతో చూసి చెప్తాను.

ఉంటాను మరి,
నీ మామ
చెన్నై