ఫొటోల కోసం సదస్సులు పెడితే ఆడపిల్లలకు ఏం తెలుస్తుంది?

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో బాలికల వసతి గృహంలో జరిగిన అవగాహన సదస్సు వార్త చదివి బాధ కలిగింది. వక్తలంతా చెప్పింది ఒక్కటే: ఫోన్ ముట్టుకోవద్దు, మగపిల్లలతో మాట్లాడొద్దు, అమ్మానాన్నల పరువు తీయొద్దు. ఏదైనా జరిగితే తప్పు నీదేనని ముందే తేల్చేశాక, ఆ పిల్ల తన కష్టం ఎవరితో చెప్పుకుంటుంది?

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు చెప్పాల్సింది వేరు. ఎక్కడున్నావని గంటగంటకూ ఆరా తీయడం, పాస్‌వర్డ్ ఇమ్మనడం, స్నేహితురాళ్లతో తిరగొద్దనడం, మాట్లాడకపోతే చెయ్యి కోసుకుంటానని బెదిరించడం ప్రేమ కాదు, పెత్తనం. ఇది ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు, నోటితో పలికించాలి. ఇద్దరిద్దరిని నిలబెట్టి, ఒకరు "ఒక్క ఫొటోనే కదా, నామీద నమ్మకం లేదా?" అని ఒత్తిడి చేస్తుంటే, రెండో పిల్ల సంజాయిషీ ఇవ్వకుండా "పంపను" అనడం అలవాటు చేయించాలి. తరగతిలో పాతిక మందికి మించకూడదు. పేరు రాయనక్కర్లేని చీటీల పెట్టె ఉండాలి, చేతిరాత చూసి ఎవరిదో కనిపెట్టే పని ఎవరూ చేయకూడదు. మగపిల్లలకూ ఈ పాఠం చెప్పాల్సిందే, వద్దంటే ఆగాల్సింది వాళ్లే కదా.

ఫొటోతో ఎవరైనా బెదిరిస్తే డబ్బు ఇవ్వకూడదు, భయపడి చాట్ తుడిచేయకూడదు. ఖాతా పేరు, బెదిరింపు మెసేజ్‌లు భద్రపరిచి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయాలి. ఆ ఫొటోను మాత్రం సాక్ష్యమని కూడా ఎవరికీ పంపకూడదు.

ఇక బడి, వసతి గృహాల సిబ్బంది సంగతి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ బాధ్యులు దాచిపెడితే ఏడాది వరకు జైలు. అయినా పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి రాజీ చేసి, పిల్లకు టీసీ ఇచ్చి పంపించేస్తున్నారు. వాంగ్మూలం పిల్ల ఇంటి దగ్గరో, తను కోరిన చోటో పోలీసులు యూనిఫాం లేకుండా వచ్చి తీసుకోవాలనీ, రాత్రిపూట స్టేషన్‌లో ఉంచకూడదనీ అదే చట్టంలో ఉంది. ఈ ఒక్క ముక్క తెలిస్తే తల్లుల భయం సగం పోతుంది. ఏ వేదిక మీదా ఎవరూ చెప్పరు.

కోసిగి, కౌతాళం వైపు తల్లిదండ్రులు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు, గుంటూరు మిరప చేలకు పోతే, ఈడొచ్చిన పిల్ల బంధువుల ఇంట్లో ఉంటుంది, లేదంటే పద్దెనిమిది నిండకుండానే పెళ్లి పీటలెక్కుతుంది. సదస్సులు మాత్రం మార్చి 8కో నవంబరు 14కో, పట్టణంలో, కారు పోయే దారిలోనే జరుగుతాయి. ఇలాంటి పాఠాలు కూడా ఉన్న కేంద్ర ప్రభుత్వ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం 2020లోనే వచ్చింది. బడికి ఇద్దరు శిక్షణ పొందిన టీచర్లు, వారానికో పీరియడ్ అని అందులోనే ఉంది. ఆ పీరియడ్ లెక్కలకో సైన్సుకో పోతోంది. మార్కులు అడిగినట్టు దీన్ని అడిగే అధికారి లేడు.

ఏ బడి టైంటేబుల్‌లో ఆ పీరియడ్ ఉందో, ఆ ఇద్దరు టీచర్లు ఎవరో విద్యాశాఖ బడివారీగా నోటీసు బోర్డు మీద పెట్టాలి. మీ విలేకరులు ఈసారి సదస్సుకు కాకుండా ఆ పీరియడ్‌కు వెళ్లి చూసి రాయాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, ఆదోని