ఓవర్‌క్లాక్ స్పీడుకి మన షాపు ఇక మాట ఇవ్వదు

అందరికీ నమస్కారం. గేమింగ్ కోసం, ఎడిటింగ్ కోసం శ్రీకాకుళంలో మన షాపులో సిస్టమ్ కట్టించుకున్నవాళ్లకి ఒక విషయం చెప్పాలి. పోయిన సంక్రాంతి నుంచి వాట్సాప్ స్టేటస్‌లో ‘రైజెన్ 5 5600ఎక్స్ కొంటే అన్ని కోర్లూ 4.6 గిగాహెర్ట్జ్‌కి సెట్ చేసి ఇస్తాం, చార్జీ 800’ అని పెడుతూ వచ్చాను. అంటే ఆ ఏఎండీ కంపెనీ ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఆరు భాగాల్నీ (కోర్లు) కంపెనీ పెట్టిన దానికన్నా ఎక్కువ స్పీడుతో నడపడం, దాన్నే ఓవర్‌క్లాక్ అంటారు. నేను ఇవ్వకూడని మాట అది. ఆ ఆఫర్ తీసేశాను. చార్జీ కట్టిన పదకొండు మందికీ ఎవరి 800 వాళ్లకి వెనక్కి ఇచ్చేస్తున్నాను. సిస్టమ్ బాగా నడుస్తున్నవాళ్లు కూడా తీసుకోండి, మొహమాటం వద్దు.

జరిగింది ఇది. మే నెలలో ఒకే రోజు రెండు సిస్టమ్‌లు ఇచ్చాం. ఒకటి ఇంజినీరింగ్ చదివే కుర్రాడికి, రెండోది నరసన్నపేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే తమ్ముడికి. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, కూలర్ అన్నీ ఒకే మోడల్. కుర్రాడిది ఒక్కసారి కూడా ఆగలేదు. నాలుగో రోజు రాత్రి పదకొండింటికి ఎడిటర్ తమ్ముడి ఫోన్: ‘అన్నా, ఎక్స్‌పోర్టు 70 శాతం దాకా వచ్చి మళ్లీ ఆగిపోయిందన్నా. పొద్దున్నే పెళ్లివాళ్లు పెన్‌డ్రైవ్ కోసం వస్తారు, ఏటి చెయ్యమంటావు?’

కరెంటు తేడా అన్నాను. యూపీఎస్ చూసుకోమన్నాను. ర్యామ్ మార్చాను, విండోస్ మళ్లీ ఎక్కించాను. నా సెట్టింగే కారణమని అనుమానం రావడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ అతని పని పోయింది, పెళ్లివాళ్ల దగ్గర మాట పడ్డాడు. ఆ తప్పు నాది.

తర్వాత కుర్రాణ్ని బతిమాలి అతని సిస్టమ్ కూడా షాపుకి తెప్పించాను. ఏసీ 26లో పెట్టి, ఒకే బోర్డు మీద ఒకదాని తర్వాత ఒకటి రెండు ప్రాసెసర్లూ ఎక్కించాను. వేడి లాగే పేస్టు ఒకటే, ఫ్యాను ఒకటే. కుర్రాడి చిప్ 1.225 వోల్టుల మీద 4.6 దగ్గర తెల్లారేదాకా రెండరింగ్ చేసింది. ఎడిటర్ చిప్ అదే వోల్టేజీకి నాలుగు నిమిషాల్లో బ్లూ స్క్రీన్, అంటే విండోస్ కుప్పకూలింది. 1.275కి పెంచితే అరగంట లోపు మళ్లీ అదే. 1.325 ఇస్తే నిలబడింది గానీ వేడి 88 డిగ్రీలు. స్పీడు మారకపోయినా కరెంటు వాడకం వోల్టేజీ వర్గంతో (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చే అంకెతో) పెరుగుతుంది. 1.225 నుంచి 1.325 అంటే చూడ్డానికి చిన్న తేడా. లెక్క వేస్తే 17 శాతం ఎక్కువ కరెంటు, అంతా వేడే. ఏసీ గదిలో 88 అంటే నరసన్నపేటలో మే మధ్యాహ్నం ఫ్యాను గాలికి ఎంతవుతుందో ఆలోచించండి.

అలాగని ఎడిటర్ తమ్ముడి చిప్ చెడ్డది కాదు. డబ్బా మీద రాసినవి రెండు స్పీడులు: 3.7 బేస్ అంటే మామూలు స్పీడు, 4.6 బూస్ట్ అంటే అవసరాన్ని బట్టి పెరిగే స్పీడు. ఆ 4.6 తేలిక పని ఉన్నప్పుడు ఒకటి రెండు కోర్లు అందుకునే గరిష్ఠం. ఆరు కోర్లూ ఒకేసారి గంటలకొద్దీ అక్కడే ఉంటాయని ఏఎండీ ఎక్కడా చెప్పలేదు. ఆ మాట అన్నది నేనే. మొదట్లో కట్టిన రెండు మూడు సిస్టమ్‌లకి మంచి చిప్‌లు తగిలితే, అన్నీ అంతేననుకున్నాను.

మా అత్తారిది కాశీబుగ్గ. పలాస జీడిపప్పు బట్టీల్లో ఆడవాళ్లు పప్పు ఏరడం చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. ఒకే తోట పిక్కలు ఒకే రోజు కాల్చి కొట్టినా, ఒకటి పెద్ద గుండు, ఒకటి చిన్నది, ఒకటి బద్ద. ఏరి గ్రేడు కడతారు. 320 గ్రేడంటే పౌండు బరువుకి సుమారు 320 గుండ్లు. ఆ డబ్బాలో కూడా ఏ రెండు పప్పులూ ఒక్కలా ఉండవు. చిప్‌లూ అంతే. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక సిలికాన్ పళ్లెం మీద వందల చిప్‌లు ఒకేసారి తయారవుతాయి. పళ్లెం నడుమ, అంచున పొరల మందంలో, ట్రాన్సిస్టర్ల కొలతల్లో కంటికి అందని తేడాలు వస్తాయి. ప్రతిదాన్నీ పరీక్షించి గ్రేడు కడతారు. మన 5600ఎక్స్‌లో ఉన్న ముక్క ఎనిమిది కోర్లతో పుట్టిందే, రెండు ఆపేసి ఆరు కోర్లదిగా అమ్ముతారు. గ్రేడు కట్టడమంటే ‘ఇంతకి తగ్గదు’ అని పూచీ. ‘ఇంత దాకా పోతుంది’ అని కాదు.

గ్రాఫిక్స్ కార్డులదీ ఇదే కథ. షాపులో ఉన్న రెండు ఆర్‌టీఎక్స్ 3060లు ఒకే కంపెనీవి, ఒకే మోడల్. ఒకటి కోర్ మీద 150 మెగాహెర్ట్జ్ అదనంగా మోస్తుంది, రెండోది 90 దాటితే గేము మధ్యలో డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) పడిపోతుంది. పైగా ఈ కార్డులు వేడిని బట్టి వాటంతట అవే స్పీడు దించుకుంటాయి. అందుకే జనవరిలో చూసిన అంకె మేలో కనబడదు.

‘అన్నా, నాలుగు డబ్బాలు విప్పి మంచి చిప్ ఏరి ఇవ్వు, వెయ్యి ఎక్కువిస్తాను’ అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అమెరికాలో సిలికాన్ లాటరీ అనే పేరుతో ఒక కంపెనీ ఈ వ్యాపారమే చేసి 2021లో మూసేసింది. నేను మాత్రం చెయ్యను. ఒకరి కోసం విప్పిన డబ్బాని ఇంకొకరికి కొత్తదని అంటగట్టడం నా వల్ల కాదు.

ఎక్కువ వోల్టేజీ పెట్టి ఎలాగోలా నడిపించమన్నా ఒప్పుకోను. ఓవర్‌క్లాక్ వల్ల పాడైతే ఏఎండీ వారంటీ వర్తించదు. వోల్టేజీ మితిమీరితే ఏమవుతుందో 2024లో ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ల విషయంలో అందరం చూశాం. చిప్‌లు అరిగిపోతుంటే బయోస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఇచ్చి, వారంటీ రెండేళ్లు పెంచాల్సి వచ్చింది.

ఇకపైన పద్ధతి ఇలా ఉంటుంది. డబ్బా మీద ఉన్న స్పీడుకే మన పూచీ. ట్యూనింగ్ కావాలంటే సిస్టమ్ ఒక రాత్రి షాపులో ఉంచాలి. ఆ చిప్ ఎంత వోల్టేజీకి ఎంత స్పీడు, ఎంత వేడి అన్నది ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇస్తాను. ఫలానా అంకె వస్తుందని ముందు చెప్పను. స్పీడు కాస్తయినా పెరగకపోతే చార్జీ తీసుకోను. ఎడిటింగ్, అకౌంట్స్ లాంటి పనుల సిస్టమ్‌లకి స్పీడు పెంచడం కన్నా, కంపెనీ స్పీడు అలాగే ఉంచి వోల్టేజీ కాస్త తగ్గించమనే చెబుతాను. అది కూడా చిప్‌ని బట్టే. ఒకదానికి పడిన తగ్గింపు ఇంకొకదానికి పడదు.

ఎడిటర్ తమ్ముడి సిస్టమ్‌ని 4.4 దగ్గర పెట్టాను. మూడు వారాలుగా ఆగలేదు. గంట వీడియోకి 4.6తో పోలిస్తే రెండు నిమిషాలు ఎక్కువ పడుతోందని నిన్న ఫోన్ చేసి చెప్పాడు. మిగతా పది మందీ బిల్లు లేకపోయినా పర్వాలేదు, ఫోన్ నంబరు చెబితే చాలు, పుస్తకంలో చూసి డబ్బు ఇస్తాను. సిస్టమ్ కూడా తెస్తే ఆ 4.6 సెట్టింగ్ తీసేసి, మీ చిప్‌కి ఏది సరిపోతుందో ఉచితంగా చూసి పెడతాను. ఆదివారం తప్ప ఏ రోజైనా సాయంత్రం ఆరు లోపు తీసుకురండి, మర్నాడు పదింటికి పట్టుకెళ్లొచ్చు.