రిపోర్టు చివరి పేరా కూడా చదివి చెప్పండి

అయ్యా,

హనుమకొండలో 31 ఏళ్లు తెలుగు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. వయసు 69. నిరుడు బతుకమ్మ పండుగకు ముందు రక్తపరీక్షలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే ప్రోటీన్) 22 వచ్చింది, ఉండాల్సిన దానికంటే బాగా ఎక్కువ. ముక్క తీసి పరీక్షించి ప్రోస్టేట్ క్యాన్సర్ అన్నారు. అది ఒంట్లో ఎక్కడెక్కడికి పాకిందో చూపే పీఎస్‌ఎంఏ పెట్ స్కాన్ రాస్తే కాజీపేటలో రైలెక్కి హైదరాబాదు వెళ్లి తీయించుకున్నాం. ‘ఎముకలకు పాకలేదు’ అని డాక్టరు గారు చెప్పగానే మా ఆవిడ భద్రకాళి గుడికి వెళ్లి మొక్కు తీర్చుకుంది.

మూడు నెలల తర్వాత ఫైలు సర్దుతున్న మా కోడలు స్కాన్ రిపోర్టు రెండో పేజీ అడుగున వేలు పెట్టి, ‘మామయ్యా, ఇది మీకెవరైనా చెప్పారా?’ అని అడిగింది. ఎడమ కిడ్నీలో 2.4 సెంటీమీటర్ల గడ్డ ఉంది, విడిగా పరీక్ష చేయించాలి అని అక్కడ రాసి ఉంది. ఎవరూ చెప్పలేదు. ఆపరేషన్ చేసి గడ్డ తీశాక తేలింది, అది ప్రోస్టేట్ నుంచి పాకింది కాదు, కిడ్నీలోనే పుట్టిన వేరే క్యాన్సర్.

స్కాన్‌కు ముందు ఎక్కించే మందు ప్రోస్టేట్ క్యాన్సర్ కణాల మీద మెండుగా ఉండే ఒక ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. కిడ్నీ, థైరాయిడ్ వంటి చోట్ల పుట్టే కొన్ని గడ్డల రక్తనాళాల్లోనూ ఆ ప్రోటీన్ ఉంటుంది. అయితే ఏ జబ్బూ లేని కిడ్నీలు కూడా ఆ స్కాన్‌లో బాగా మెరుస్తాయి, చిన్న గడ్డ ఆ మెరుపులో కలిసిపోతుంది. నా గడ్డ ఆ స్కాన్‌తో పాటే తీసిన సీటీ బొమ్మలో బయటపడింది. అంత ఓపికగా చూసి రిపోర్టు రాసిన డాక్టరు గారికి చేతులెత్తి మొక్కుతాను. ఆయన రాసిన మాట నాకు చేరడానికి మూడు నెలలు పట్టింది, నా బాధ అదే.

మెరిసినదంతా క్యాన్సర్ కాదని, పక్కటెముకల్లో కనిపించే చుక్కలు చాలాసార్లు ఏ హానీ లేనివని కూడా నాకు తర్వాతే తెలిసింది. రోగి హడలిపోతాడని దాచడం కంటే ఆ ముక్క కలిపి చెప్పడం మేలు కదా!

రేడియేషన్‌కు నా పక్కన కూర్చున్న వారిలో పరకాల, నర్సంపేట రైతులు ఉండేవారు. ఇంగ్లీషు రిపోర్టును పాలిథీన్ కవరులో భద్రంగా పట్టుకొని వచ్చేవారు. వారి కోసం డాక్టర్లను అడుగుతున్నాను: ‘ప్రోస్టేట్ కాక ఇంకేమి కనిపించింది, దానికి ఏ పరీక్ష, ఎప్పటిలోగా’ అన్నది ఫైలు అట్ట మీద తెలుగులో రాసివ్వండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, హనుమకొండ