ఇంటి వై-ఫైకి కంట్రోలర్ కొనాలా అన్నావు కదా
విజయనగరం

ఏరా,

నీ మెసేజ్ చూశాను. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకునే విషయం కాదిది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. శ్లాబులు అయిపోయాయి, ప్లాస్టింగ్ ఇంకా మొదలవలేదన్నావు చూడు, ఆ మాటకి నాకు చాలా సంతోషమేసింది. సరైన సమయానికి అడిగావు.

షాపువాళ్ల కొటేషన్‌లో మూడు యాక్సెస్ పాయింట్లు, అంటే వై-ఫై సిగ్నల్ ఇచ్చే డబ్బాలు, వాటి మీద పెత్తనానికి ఒక కంట్రోలర్ డబ్బా ఉన్నాయి. యాక్సెస్ పాయింట్లు మూడూ తీసుకో. కంట్రోలర్ వద్దు. ఆ డబ్బు మంచి క్యాట్ సిక్స్ నెట్ కేబుల్‌కీ, గోడలో పైపులకీ పెట్టు.

కంట్రోలర్ సిగ్నల్ ఇవ్వదురా. మూడింటికీ ఒకే చోటి నుంచి పేరు, పాస్‌వర్డ్, ఛానెల్ (ఏ తరంగం మీద నడవాలో) పెట్టడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం, ఏ ఫోన్ దేనికి తగులుకుందో చూపించడం, ముఖ్యంగా ఇవే దాని పనులు. మన ఇళ్లకి అమ్మే రకంలో నెట్ ఆ డబ్బా గుండా పోదు కూడా. దాన్ని ఆపేసినా యాక్సెస్ పాయింట్లు ఉన్న సెట్టింగులతోనే పనిచేస్తూ పోతాయి. పెద్ద ఆఫీసుల సంగతి వేరు. అక్కడ కొన్నిచోట్ల డేటా అంతా కంట్రోలర్ దాకా వెళ్లి, అక్కడి నుంచి బయటకి పోయే ఏర్పాటు ఉంటుంది. అలాంటి వాటికోసం క్యాప్‌వాప్ అనే ప్రమాణం కూడా 2009లో వచ్చింది. ఆ ఆఫీసుల లెక్క మన మూడు అంతస్తుల ఇంటికి ఎందుకు?

నీ అసలు టెన్షన్ నాకు తెలుసు. వాట్సాప్ కాల్ మాట్లాడుతూ మేడ మెట్లెక్కితే లైన్ తెగిపోతుందేమోనని. ఇక్కడ కాస్త నిదానంగా చదువు. ఏ యాక్సెస్ పాయింట్‌ని వదలాలో, దేన్ని పట్టుకోవాలో తేల్చుకునేది ఫోనే. కంట్రోలర్ ఉన్నా సలహా చెప్పగలదు, మరీ అయితే తోసేయగలదు. ఎక్కడికి పోవాలో మాత్రం ఫోన్ ఇష్టం. సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలం తక్కువ) కన్నా పడిపోయాకే ఐఫోన్ ఇంకోదాన్ని వెతకడం మొదలుపెడుతుందని యాపిల్ వాళ్లే చెప్పారు. ఇప్పుడు కింద హాల్లోదాన్ని ఫుల్ పవర్‌లో పెట్టావనుకో, మెట్లెక్కి పైకొచ్చినా దాని సిగ్నల్ అంతకన్నా కొంచెం పైనే ఉండొచ్చు. ఫోన్ దాన్నే పట్టుకుని వేలాడుతుంది, నెత్తిమీద ఇంకోటి ఉన్నా దానివైపు చూడదు. నెట్ ఈడుస్తుంది. కంట్రోలర్ లేకపోవడం వల్లే అనుకుని జనం మళ్లీ షాపుకి పరిగెడతారు. నిజానికి చేయాల్సింది పవర్ తగ్గించడం. ముఖ్యంగా 2.4 గిగాహెర్ట్జ్ అనే వై-ఫై తరంగాల్లో, అది గోడలు దాటి దూరం పోతుంది కాబట్టి. 5 గిగాహెర్ట్జ్ మాత్రం శ్లాబు దాటేసరికి చాలా వరకు చచ్చిపోతుంది, అందుకే అంతస్తుకొకటి కావాలంటున్నాను.

మిగతా సెట్టింగులు ఒక పూట పని. మూడింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే సెక్యూరిటీ. 2.4లో ఒకదానికి 1, ఇంకోదానికి 6, మూడోదానికి 11 ఛానెల్ ఇస్తే ఒకదాని మీద ఒకటి పడవు. ఐపీ అడ్రస్‌లు, అంటే ప్రతి ఫోన్‌కీ నెట్‌లో ఉండే నంబర్లు, ఇచ్చే పని ఫైబర్ కంపెనీ రూటర్ ఒక్కదానికే వదిలెయ్, మిగతావి వై-ఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనే ఉండాలి.

ఫాస్ట్ రోమింగ్ అని, అంటే ఫోన్ ఒక యాక్సెస్ పాయింట్ నుంచి ఇంకోదానికి త్వరగా మారడమని, షాపువాళ్లు గట్టిగా చెప్పుంటారు. అది 802.11 ఆర్, 2008 నాటి ప్రమాణం. ఒక్కొక్కరికీ విడిగా లాగిన్ ఉండే ఆఫీసు నెట్‌వర్కుల్లో దాని ఉపయోగం ఎక్కువ, అక్కడ మారిన ప్రతిసారీ సర్వర్‌ని అడగాలి. ఇంట్లో మామూలు పాస్‌వర్డ్ వై-ఫైలో ఆ మార్పు ఎలాగూ త్వరగానే అయిపోతుంది. కాల్‌లో ఒక్క క్షణం మాట చిట్లితే చిట్లొచ్చు. దానికోసం డబ్బా కొనక్కర్లేదు.

కంట్రోలర్ ఎప్పుడూ అక్కర్లేదని కాదు నేననేది. లాడ్జీ, కాలేజీ హాస్టలు, కల్యాణ మండపం అయితే నేనే పెట్టించుకోమంటాను. పది, ఇరవై యాక్సెస్ పాయింట్లకి ఒక్కొక్కదాంట్లోకీ వెళ్లి పాస్‌వర్డ్ మార్చడం ఎవరి వల్లా కాదు. వచ్చిన అతిథులకి లాగిన్ పేజీ చూపించాలన్నా కొన్ని రకాల్లో కంట్రోలర్ ఆన్‌లో ఉండాలి. ఇక తీగ లాగే వీలు లేని పాత ఇల్లయితే మెష్, అంటే యాక్సెస్ పాయింట్లు తీగ లేకుండానే ఒకదానితో ఒకటి కలిసే ఏర్పాటు, పెట్టాలి. టీపీ లింక్ కంపెనీ ఒమాడా రకంలో ఆ మెష్‌కి కంట్రోలర్ తప్పదు. అప్పుడు కూడా డబ్బా కొనే ముందు, వాళ్లే ఉచితంగా ఇచ్చే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్‌ని ఇంట్లోని కంప్యూటర్‌లో వేసి చూడొచ్చు. కానీ దాని బ్యాకప్ దాచుకోవాలి, దాన్నీ అప్‌డేట్ చేసుకుంటూ ఉండాలి. బ్యాకప్ లేకుండా ఆ కంప్యూటర్ పాడైతే యాక్సెస్ పాయింట్లని రీసెట్ చేసి మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాల్సి రావచ్చు. నువ్వు డ్యూటీ మీద ఊళ్లు తిరుగుతుంటే ఇంట్లో అమ్మ, చెల్లెమ్మ ఈ బాధ ఎందుకు పడాలి?

నీకు గోడలు ఇంకా తెరిచే ఉన్నాయిరా, అదే నీ అదృష్టం. రూటర్ పెట్టే చోటి నుంచి ప్రతి అంతస్తు మధ్య సీలింగ్ దాకా ఒక పైపు వేయించు. కరెంటు వైర్లున్న పైపులో దీన్ని దూర్చనివ్వకు, ఎలక్ట్రీషియన్ పని తేలికవుతుందని అలాగే చేస్తానంటాడు. కేబుల్ పూర్తి రాగిది అడుగు. అల్యూమినియం మీద రాగి పూత వేసినది చవగ్గా వస్తుంది కానీ, ఈ తీగలోంచే కరెంటు కూడా పంపబోతున్నాం, దానికి అది పనికిరాదు. నెట్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పీఓఈ స్విచ్ ఒకటి రూటర్ పక్కన పెట్టి, ఆ రెండింటినీ ఇన్వర్టర్‌కి కలిపితే చాలు, పై అంతస్తుల్లో యాక్సెస్ పాయింట్ల దగ్గర ప్లగ్గులే అక్కర్లేదు. కరెంటు పోయినా మూడూ వెలుగుతూనే ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ శ్రీకాకుళం జిల్లా ఎన్నాళ్లు చీకట్లో ఉందో నీకు నేను చెప్పాలా? అన్ని రోజులు ఇన్వర్టర్ ఆగదు, నిజమే. కానీ రోజూ పోయే గంటా రెండు గంటలకి ఈ ఏర్పాటు చాలా సుఖం.

ఇంటి ప్లాను ఫోటో తీసి పంపు, ముఖ్యంగా మెట్లు ఎటున్నాయో కనబడాలి. పైపులు ఎటు పోవాలో గీసి పెడతాను. వచ్చే ఆదివారం పొద్దున్న ట్రైన్‌కి ఆమదాలవలసలో దిగి ఆటోలో వచ్చేస్తాను, స్టేషన్‌కి నువ్వు రావద్దు. అప్పటిదాకా హాలు గోడ ప్లాస్టింగ్ మొదలెట్టొద్దని మేస్త్రికి గట్టిగా చెప్పు. అమ్మకి నా నమస్కారాలు.

నీ స్నేహితుడు