బడి నుంచి వచ్చే ఆ మెసేజ్‌ల గురించి

ఒరేయ్,

నీ ఉత్తరం చేరింది. చిన్నది అప్పుడే ఒకటో తరగతికి వచ్చేసిందా! ఫొటో చూసి మా ఇంట్లో అందరం మురిసిపోయాం. నిలబడ్డ తీరు అచ్చం చెల్లెమ్మే, ఆ చూపు మాత్రం నీదేరా.

బడి నుంచి రోజుకో మెసేజ్ వస్తోందనీ, ఒకటి చదివేలోపు ఇంకోటి వచ్చి పడుతోందనీ, ఏది ముఖ్యమో తెలియక టెన్షన్ పడుతున్నామనీ రాశావు. మా బడిలో తల్లిదండ్రులకు వారం వారం పంపే కబుర్లు రాసేది నేనే కదా. అందుకే ఆ కాగితం ఇవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో నీకు చెప్పాలనిపించింది. ఊరికే రూల్ కోసం రాసేవి చాలా తక్కువరా. దాదాపు ప్రతి మాట వెనకా ఏదో ఒక రోజు ఇబ్బంది పడ్డ పిల్లో, పిల్లాడో ఉంటారు.

'వస్తువుల మీద పేరు రాయండి' అనేదే తీసుకో. మా ఆఫీసు గది బయట దొరికిన వస్తువుల పెట్టె ఒకటి ఉంది. ఒకే రంగు స్వెటర్లు, ఒంటి బూట్లు, మూతల్లేని నీళ్ల సీసాలు. మొన్న ఒక పాప రెండు స్వెటర్లు చేతిలో పట్టుకుని ఏది తనదో తేల్చుకోలేక ఒకటి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది, తర్వాత రెండోది చూసింది. "ఇది మా ఇంటి వాసన" అని మొదటిది తొడుక్కుని వెళ్లిపోయింది. దానికి ఆ ఉపాయం తట్టింది కానీ, అందరికీ తట్టదు. పోయిందని ఇంట్లో చెప్పలేక భయపడే పిల్లలున్నారు. లోపలి అంచు మీద చెరగని ఇంకుతో పేరు రాస్తే ఆ భయమే ఉండదు.

టైముకు పంపమని మేం పదే పదే అడగడానికీ కారణముంది. రోజూ పది నిమిషాలు ఆలస్యమైతే ఏముందిలే అనిపిస్తుంది. ఏడాదికి 180 పనిదినాలు అనుకుంటే అది 30 గంటలు అవుతుంది, లెక్క వేసి చూడు. పైగా ఆ రోజు ఏం చేయబోతున్నారో టీచర్ చెప్పేది ఆ మొదటి పది నిమిషాల్లోనే. తర్వాత వచ్చిన పిల్ల తలుపు దగ్గర ఆగితే క్లాసంతా తలలు తిప్పి చూస్తుంది. కూర్చున్నాక పక్కవాళ్ల పుస్తకంలోకి తొంగి చూసి ఏ పేజీయో కనుక్కోవాలి. ఆరేళ్ల పిల్లకు అది చాలా పెద్ద కష్టం. సెలవులూ అంతే. నెలకు రెండు రోజులే కదా అనుకుంటాం, ఏడాది తిరిగేసరికి బడి రోజుల్లో పదో వంతు పోతుంది. కొన్ని దేశాల్లో ఆ పదో వంతునే ప్రమాద గీతగా పెట్టుకుని, అది దాటిన పిల్లల మీద ప్రత్యేకంగా దృష్టి పెడతారు.

అలాగని ఒంట్లో బాగోకపోయినా పంపేయమని కాదు. జ్వరం వస్తే, మందు వేయకుండానే 24 గంటల పాటు జ్వరం లేకుండా ఉన్నాకే పంపాలి. ఇందులో 'మందు వేయకుండానే' అన్నదే అసలు ముఖ్యం. పొద్దున్నే మందు వేసి పంపితే మధ్యాహ్నానికి ఒళ్లు మళ్లీ కాలిపోతుంది. బెంచీ మీద తల వాల్చేసిన పిల్లను చూస్తే మా ప్రాణం ఉసూరుమంటుంది. అమ్మానాన్నలకు ఆఫీసులో సెలవు దొరకని ఇబ్బంది నాకు తెలుసు. అందుకే ఇప్పుడే, ఎవరికీ ఏమీ కాకముందే, అలాంటి రోజున పిల్లను ఎవరు చూసుకుంటారో మీరిద్దరూ మాట్లాడి పెట్టుకోండి.

ఇక పేల సంగతి. ఈ మెసేజ్ పంపినప్పుడల్లా ఎవరో ఒకరు "మా పాప గురించేనా?" అని చిన్నబోయిన గొంతుతో ఫోన్ చేస్తారు. ఎవరి పేరూ బయటపెట్టం, అది మాకు నియమం. పేలకూ శుభ్రతకూ సంబంధం లేదు, రోజూ తలస్నానం చేసే పిల్లకూ పడతాయి. అవి ఎగరవు, దూకవు, తలా తలా ఆనించి ఆడుకున్నప్పుడు పాకి ఎక్కుతాయి. తల నుంచి కింద పడితే ఒకటి రెండు రోజుల్లో చస్తాయి కాబట్టి ఇల్లంతా కడుక్కోవాల్సిన పనీ లేదు. ఈపులు పగలడానికి వారం పైన పడుతుంది. మొదటిసారి మందు రాసి ఊరుకుంటే, మిగిలిన ఈపుల్లోంచి మళ్లీ కొత్త పేలు వస్తాయి. అందుకే వారం, తొమ్మిది రోజుల తర్వాత మళ్లీ గుర్తుచేస్తాం. మందు డబ్బా మీద రెండోసారి ఎప్పుడు రాయాలో ఉంటుంది, చూసుకో. తడి జుట్టును పేల దువ్వెనతో పాయలు పాయలుగా దువ్వడం మాత్రం మానకండి. పిల్ల ముందు మొహం చిట్లించవద్దని చెల్లెమ్మకు చెప్పు, వాళ్లకు అది గుర్తుండిపోతుంది.

టీకాల కార్డు కాపీ అడిగితే వెంటనే ఇచ్చేయి. తట్టు ఎంత వేగంగా పాకుతుందంటే, టీకా పడని పది మంది దాని దగ్గరికి వస్తే దాదాపు తొమ్మిది మందికి అంటుకుంటుంది. నూటికి 95 మందికి టీకా పడితేనే మిగతావాళ్లకు కాపుదల. ఆ మిగతావాళ్లలో ఏ జబ్బు వల్లో టీకా వేయించుకోలేని పిల్లలు కూడా ఉంటారు.

నిద్ర గురించి ఒక్క మాట: ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు మొత్తం 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. బ్యాగు బరువు పిల్ల బరువులో పది, పదిహేను శాతం దాటకూడదు. ఇరవై కిలోల పిల్లకు రెండు, మూడు కిలోలు, అంతే. ఫొటోలో ఉన్న బ్యాగు నాకు బరువుగానే కనిపించింది. ఈ రాత్రే అడుగు దాకా ఖాళీ చేసి చూడు, బడి పంపిన కాగితాలు రెండు మూడు అక్కడ నలిగి దొరుకుతాయి.

మా బడి కబురు ఒకటి చెప్పాలి. గేటు ముందు బళ్ల రద్దీ చూసి ఎప్పటి నుంచో భయపడుతున్నాం. ఈ ఏడు కొందరు తల్లిదండ్రులు కలిసి నడక బస్సు మొదలుపెట్టారు. ముందు ఒక పెద్ద, వెనక ఒక పెద్ద, మధ్యలో పిల్లల వరస. దారిలో అనుకున్న చోట్ల, అనుకున్న టైముకు ఆగి మిగతా పిల్లలను కలుపుకుంటూ వస్తారు. 1990లలో ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ ఎంగ్విక్ట్ ప్రచారంలోకి తెచ్చిన ఆలోచన ఇది, తర్వాత చాలా దేశాలకు పాకింది. అలా నడిచొచ్చిన పిల్లలు క్లాసులో కుదురుగా కూర్చుంటున్నారని మా టీచర్లు అంటున్నారు. నాకు నచ్చింది ఇంకొకటి. పక్క వీధిలో ఉన్నా ఒకరినొకరు ఎరగని కుటుంబాలు ఇప్పుడు ఒకరి పిల్లను ఒకరు చూసుకుంటున్నాయి.

ఇంత రాశాను కానీ, నేను ఎక్కువగా చెప్పాలనుకున్నది వేరే. బడి మీకు చెప్పేవాటి కన్నా మీరు బడికి చెప్పేవే ఎక్కువ పనికొస్తాయిరా. రెండో తరగతిలో ఒక బాబు ఉన్నట్టుండి రాయడం మానేశాడు. పెన్సిల్ పట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చునేవాడు. టీచర్ బుజ్జగించింది, పక్క పిల్లాడిని మార్చి చూసింది, ఏం చేసినా లాభం లేకపోయింది. చివరికి వాళ్లమ్మ వచ్చినప్పుడు తెలిసింది, వాళ్ల తాతగారు ఆస్పత్రిలో ఉన్నారని, రోజూ పడుకునేటప్పుడు వీడికి కథలు చెప్పేది ఆయనేనని. "ఇంటి విషయాలు బడికెందుకు అనుకున్నామండీ" అంది ఆవిడ. ఆ మర్నాడు టీచర్ వాడితో తాతగారికి ఉత్తరం రాయించింది. నెల రోజుల్లో వాడు మొదటిసారి రాసింది ఆ ఉత్తరమే. అక్షరాలు వంకరపోయినా పేజీ నిండా రాశాడు.

కాబట్టి ఇల్లు మారినా, ఇంట్లో ఎవరికైనా బాగోకపోయినా, నువ్వు పని మీద ఎక్కువ రోజులు ఊళ్లో లేకపోయినా టీచర్‌కు ఒక్క ముక్క రాయి. వివరాలన్నీ అక్కర్లేదు. 'ఈ వారం పాప కొంచెం దిగులుగా ఉంది' అంటే చాలు. సాయంత్రం ఎవరు తీసుకెళ్తారో మారితే మాత్రం తప్పకుండా ముందే చెప్పు. తెలియని మనిషి చేతిలో పిల్లను పెట్టలేం, ఆ మనిషి సొంత బాబాయే అయినా సరే.

వచ్చే వారం తల్లిదండ్రుల మీటింగ్ ఉందన్నావు కదా, ఇద్దరూ వెళ్లండి. మార్కుల గురించి టీచరే చెబుతారు. నువ్వు మాత్రం చిన్నది ఎవరితో ఆడుకుంటోందో, ఏదైనా రాకపోతే చెయ్యెత్తి అడుగుతోందో లేదో కనుక్కో. ఆవిడ ఏమన్నారో నాకు వివరంగా రాయి.

చెల్లెమ్మను అడిగానని చెప్పు. ముందుపన్ను కదులుతోందన్నావు, ఊడాక ఇంకో ఫొటో పంపించు.

ఉంటానురా,
నీ స్నేహితుడు