పేరు లేని డబ్బాలో మందు

సంపాదకులకు నమస్కారం.

మా పాపకు ఆరేండ్లు. చలికాలం వస్తే మోచేతి మడతల్లో చర్మం పొడిబారి, ఎర్రబడి, రాత్రంతా గోకి గోకి నెత్తురు వచ్చేది. అంటుకుంటదని వాడకట్టువాళ్లు తమ పిల్లలను పాప దగ్గరికి రానివ్వలేదు. అది ఎగ్జిమా, అంటురోగం కాదు.

ఆయుర్వేదంలో దీన్ని విచర్చిక అనే చర్మరోగంతో పోలుస్తారు. దురద, నల్లబారిన పొక్కులు, రసి కారడం దాని లక్షణాలని చరకుడు చెప్పాడు. సుశ్రుతుడైతే చర్మానికి ఏడు పొరలని లెక్కగట్టాడు. పైపూత ఒక్కటే కాదు, తిండి, అరుగుదల కూడా చూడాలంటుంది ఆ వైద్యం.

ఇంత ఆలోచన ఉన్న శాస్త్రం పేరు చెప్పి మాకు అంగట్లో అంటగట్టింది పేరు లేని తెల్ల డబ్బా. మూడు రోజుల్లో మచ్చ మాయమైంది. ఆపగానే రెట్టింపైంది, చర్మం ఉల్లిపొరలా పలచబడింది. అందులో స్టెరాయిడ్ కలిపి ఉంటారని చర్మ డాక్టర్ అనుమానం.

ఆయుర్వేద మందుకైనా దినుసులు, లైసెన్స్ నంబరు, తయారీ తేదీ డబ్బా మీద ఉండాల్సిందే. మన నల్లగొండ జిల్లా సంతల్లో, అంగళ్లలో అధికారులు వెంటనే తనిఖీలు చేయాలి.

– ఒక తల్లి, దేవరకొండ